ఎర్ర రంగు పూసిన గొర్రె

ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో నేను తీసుకున్న ప్రాజెక్టు ఇది: వీడియోలో కదిలేదాన్ని దాని రంగును బట్టి కంప్యూటర్ వెంబడించాలి. కాలేజీలో ఎర్ర బంతితో చక్కగా పనిచేసింది. బంతి ఎటు దొర్లితే తెరమీద దాని చుట్టూ ఉన్న ఆకుపచ్చ గడి అటు వెళ్ళేది. "బంతి కాదు, బయటిది ఏదైనా చూపించు" అన్నారు మా ప్రాజెక్టు చూసే మేడం.

కొమరోలు దగ్గర మాకు గొర్రెల మంద ఉంది. సెలవులకు ఇంటికి వెళ్ళి, ఒక గొర్రె వీపున ఎర్ర రంగు పూశాను. మంద మేస్తుంటే గట్టుమీద నిలబడి ఫోనులో వీడియో తీశాను.

సాయంత్రం ల్యాప్‌టాప్‌లో ఆ వీడియో మీద ప్రోగ్రాం నడిపితే, గడి కాసేపు గొర్రె మీద ఉండి, నాయన తలగుడ్డ మీదికి దూకింది. అదీ ఎరుపే. ప్రోగ్రాంలో ఎరుపుకు ఇచ్చిన అంకెలు మార్చాను. ఈసారి ఎర్రమట్టి నేలనంతా పట్టుకుంది. మళ్ళీ మార్చాను. ఇక గొర్రెను వదల్లేదు. సంబరంగా నాయనను పిలిచాను.

నాయన చివరిదాకా చూసినాడు. "ఇది మన గొర్రె కాదు పాపా."

"అదేంది నాయనా? నేనే కదా రంగు పూసింది!"

"మొదట మనదే. నడమ మామ మంద అడ్డమొచ్చింది సూడు, ఆడ మారిపోయింది. మనది ఎనక కాలు ఈడుస్తాది. ఇది ఈడ్చట్లేదు."

పక్క మంద మామ కూడా తన గొర్రెలకు ఎర్ర గుర్తే పెడతాడు. నేను ఆ ముక్కను పదిసార్లు వెనక్కి తిప్పి చూశాను. నాకు ఎరుపు తప్ప ఏమీ కనిపించలేదు. నాయన పొరబడ్డాడేమో అనిపించింది. నా ప్రోగ్రామే పొరబడిందేమో అనీ అనిపించింది. ఈలోగా నాయన దొడ్డిలోకి వెళ్ళి, ఎర్ర గుర్తున్న గొర్రెను చెవి పట్టుకుని నడిపించి చూసినాడు. "మామదే. తల లెక్క సరిపోయిందని నేనూ సూసుకోలేదు."

పొద్దున్నే దాన్ని తోలుకుని వెళ్ళాం. మా గొర్రె మామ దొడ్డిలో నింపాదిగా నెమరేస్తోంది.

"నాదే అనుకుంటి గదరా బావా!" అని మామ తల గోక్కున్నాడు.

కాలేజీలో వీడియో చూపించాను. "సరిగ్గా వెంబడించిందా?" అని మేడం అడిగారు. ఎరుపును వెంబడించింది, నిజమే. కానీ అవి రెండు గొర్రెలు. అవునంటే అబద్ధం, కాదంటే అన్యాయం అనిపించి, జరిగిందంతా చెప్పాను. మేడం నవ్వి మార్కులు వేశారు. అవి దేనికి వేశారో నాకిప్పటికీ అర్థం కాలేదు.