“గుండె బాగానే ఉంది” అన్నాక మొదలైన భయం

ఆ రోజు మా కాలనీ పార్కులో వ్యాయామ పరికరాల ప్రారంభం. నేను అప్పుడు ఎల్బీనగర్ వైపు ఒక డివిజన్‌కు కార్పొరేటర్‌ని. సీటు మహిళలకు రిజర్వ్ కావడంతో పార్టీ నన్ను నిలబెట్టింది. గెలిచింది నేనైనా జనం “కార్పొరేటర్ సాబ్” అని పిలిచేది మా ఆయన యాదగిరిని. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, కొన్నేళ్ళు లారీ నడిపి, కొత్తపేటలో హార్డ్‌వేర్ దుకాణం పెట్టుకున్న మనిషి. ఎవరింట్లో పెళ్ళైనా చావైనా ముందుగా ఆయనే ఉండేవారు.

నేను రిబ్బన్ కత్తిరించబోతుంటే ఆయన నా పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. అందులో కత్తెర టకటకా కొట్టుకుంటోంది. తల తిప్పి చూస్తే ఆయన చేతులు వణుకుతున్నాయి, చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. నా చెవి దగ్గరకు వంగి, “సునీతా, ఊపిరాడ్తలేదు. సచ్చిపోయేటట్టున్న,” అన్నారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. మా మరిది శ్రీశైలం కారు నడుపుతూ, “అన్నా, జర ఓపిక పట్టు, ఒచ్చేసినం,” అంటూనే ఉన్నాడు. మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్ ఆగిన ప్రతిసారీ ఆయన తలుపు తీసుకుని దిగబోయారు. నేను రెండు చేతులతో ఆయన్ని పట్టుకుని కూర్చున్నాను. ఆసుపత్రి చేరేలోపే పోతారనుకున్నాను.

ఈసీజీ తీశారు. ట్రోపోనిన్ టెస్ట్, టూడీ ఎకో చేశారు. సాయంత్రానికి డాక్టర్ వచ్చి, “గుండె బాగానే ఉందమ్మా. కార్డియాక్ అంతా నార్మల్. స్ట్రెస్ కావచ్చు, రెస్ట్ తీసుకోమనండి,” అన్నారు. నేను అక్కడే ఏడ్చేశాను. గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. వారం తిరక్కుండానే దుకాణంలో మళ్ళీ అదే. తర్వాత పెళ్ళి భోజనాల దగ్గర, ఫ్లైఓవర్ మీద బండి నడుపుతుండగా. ప్రతిసారీ ఆసుపత్రికి పరుగు, ప్రతిసారీ “నార్మల్” అనే మాట. ట్రెడ్‌మిల్ మీద నడిపించే టీఎంటీ అయింది, థైరాయిడ్ అయింది, గ్యాస్ అన్నారని ఎండోస్కోపీ అయింది. జబ్బు పేరు తెలిస్తే దానికి భయపడొచ్చు. పేరే లేనిదానికి ఎంత భయపడాలో తెలియక, ఇంట్లో ఏ చప్పుడైనా ఉలిక్కిపడేదాన్ని.

ఆయన బండి నడపడం మానేశారు. మెట్రో ఎక్కనన్నారు. మీటింగులకు నేను ఒక్కదాన్నే వెళ్ళడం మొదలుపెట్టాను. ఎవరు అడిగినా “గుండెల నొప్పి అని చెప్పు” అని ఆయనే అన్నారు. మా పార్టీ పెద్దమనిషి ఒకాయన, అందరం అన్న అని పిలుస్తాం, ఇంటికొచ్చి అదే మాట చెప్పాడు. “గుండె అంటే పబ్లిక్ అయ్యో అంటది చెల్లె. టెన్షన్‌తోని మంచాన పండిండు అంటే నవ్వుతది.”

పెద్దవాళ్ళు చెప్పారని కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి తీసుకుపోయి తాయెత్తు కట్టించాను. ఓ రెండ్రోజులు బాగున్నట్టే ఉంది. తర్వాత అన్నం మానేశారు. కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపి, అలాగే వదిలేసేవారు.

చివరికి మలక్‌పేటలో ఒక డాక్టరమ్మ ఫైలంతా తిరగేసి పక్కన పెట్టింది. కోస్తా మనిషి, మాట మెత్తన. ఆయన వైపు తిరిగి, “నిద్ర ఎలా పడుతోందండీ? ఇష్టమైన పనులేమైనా చేయగలుగుతున్నారా?” అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. “ఇది పానిక్ డిజార్డర్ అనుకుంటున్నాను. డిప్రెషన్ కూడా ఉంది. సైకియాట్రిస్ట్ దగ్గరికి రాస్తాను,” అంది డాక్టరమ్మ.

ఆయన లేచి నిలబడ్డారు. “నేనేమన్న పిచ్చోన్నా మేడం?”

“కాదండీ. బీపీ వస్తే మాత్ర వేసుకుంటారుగా. ఇదీ అంతే.”

సైకియాట్రిస్ట్ దగ్గరికి ఒప్పించడానికి చాలా రోజులు పట్టింది. తెలిసినవాళ్ళు చూడకూడదని మాస్కు పెట్టుకుని, టోపీ పెట్టుకుని వచ్చారు. ఆ డాక్టర్ ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర రాసి ఒక హెచ్చరిక చేశారు. “మొదటి రెండు మూడు వారాలు ఆందోళన ఇంకా పెరిగినట్టు అనిపించొచ్చు. భయపడొద్దు, నాకు ఫోన్ చేయండి. తగ్గిందని మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.”

చెప్పినట్టే మొదట పెరిగింది. తర్వాత మెల్లగా తగ్గింది. ఒక ఉదయం దుకాణానికి బయల్దేరుతూ టీలో పంచదార తక్కువైందని నాతో గొడవపడ్డారు. ఆ గొడవకు నేను పడిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ సంతోషం నిలవలేదు. మా డివిజన్ వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు, “సాబ్‌కు మెంటల్ గోలీలట.” ఎవరు రాశారో, ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. ఆయన అది చదివారు. నాకు చెప్పకుండా మాత్రలు ఆపేశారు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున నేను పంపు దగ్గర నీళ్ళు పట్టి లోపలికి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఫోన్ దిండు పక్కనే ఉంది. చెప్పులు లేవు. దుకాణానికి తాళం వేసి ఉందని పక్క షాపు వాళ్ళు చెప్పారు. శ్రీశైలం బండి మీద వెనక కూర్చుని గుడి, రైతుబజారు, బస్టాపులు అన్నీ తిరిగాను. రోడ్డు మీద ఎక్కడ జనం గుంపు కనబడినా దిగి చూడటానికి ధైర్యం చాలలేదు. “నువ్వే చూసి రా” అని మరిదిని పంపి కళ్ళు మూసుకునేదాన్ని.

పాత పండ్ల మార్కెట్ ఉన్న జాగా దగ్గర, రోడ్డు పక్క టీ బండి ముందు బల్ల మీద కనిపించారు. చుట్టూ కూలీలు టీ తాగుతున్నారు. శ్రీశైలం దగ్గరికి పోయి, “ఏంది అన్నా, గిట్ల చెప్పకుండ ఒస్తవా? వదిన ఎంత పరేషాన్ అయితుందో ఎరుకేనా?” అని అరిచాడు. ఆయన నా వైపు చూసి నెమ్మదిగా అన్నారు.

“బతకబుద్ధయితలేదు సునీతా. ఒక్కన్నే ఉంటే ఏమన్న చేసుకుంటనేమో అని భయమైంది. అందుకే మంది ఉన్న కాడికొచ్చి కూసున్న.”

నేను ఆ బల్ల మీదే ఆయన పక్కన కూర్చుండిపోయాను. అక్కడి నుంచి నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికి పోయాం.

డాక్టర్ చుట్టూ తిప్పకుండా అడిగారు. “చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎప్పటి నుంచి?” అడిగితే ఆ ఆలోచన ఇంకా బలపడుతుందేమో అన్నాను. “లేదమ్మా. అడిగితే బరువు దిగుతుంది. అడక్కపోతే ఒక్కరే మోస్తారు,” అన్నారు. మా ఆయన అడ్మిట్ అయ్యారు. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, కౌన్సెలింగ్ కూడా. కోలుకోవడం ఈసారి ఇంకా నిదానంగా సాగింది.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు మా డివిజన్‌లో మెడికల్ క్యాంపు పెట్టాలని పార్టీ ఆఫీసులో కూర్చున్నాం. కంటి పరీక్షలు, ఆడవాళ్ళకు పరీక్షలు అనుకున్నారు. మగవాళ్ళ మనసు గురించి కూడా ఒక డాక్టర్‌ను కూర్చోబెడదామన్నాను. ఒకాయన నవ్వాడు. “మగోళ్ళ మనసుకు వైన్ షాపులు ఉన్నయి గద మేడం!” అందరూ నవ్వారు. నేను ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన విని, “నా పేరు చెప్పు,” అన్నారు. “నేను దవాఖానల పండిన సంగతి చెప్పు. అప్పుడు ఎట్ల నవ్వుతరో చూస్త.”

మర్నాడు ఆఫీసులో అందరి ముందూ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అన్న అని పిలిచే ఆ పార్టీ పెద్దమనిషి మాత్రం తల దించుకుని, “మా తమ్ముడు గిట్లనే పోయిండు చెల్లె. బయటికి యాక్సిడెంట్ అని చెప్పినం,” అన్నాడు.

క్యాంపులో “మానసిక ఆరోగ్యం” అని బోర్డు పెడితే మధ్యాహ్నం దాకా ఆ టేబుల్ వైపు ఒక్కరూ రాలేదు. మా ఆయనే లేచి, చెమటలు కక్కుతూ, ఒక అట్ట మీద “నిద్ర పడ్తలేదా?” అని రాసి పెట్టారు. ఆటోవాళ్ళు, తాపీమేస్త్రీలు, ఒక స్కూలు సారు వచ్చి వరసలో నిలబడ్డారు. ప్రభుత్వాలు, పార్టీలు మగవాళ్ళ ఆరోగ్యం గురించి ఏం చేయాలో నాకంటే తెలిసినవాళ్ళున్నారు. ఆ వరసను చూసినవాళ్ళెవరూ మగవాళ్ళకు ఇలాంటి సాయం అవసరం లేదని మాత్రం అనలేరు.

ఇప్పుడు నేను కార్పొరేటర్‌ని కాను. ఆయన దుకాణానికి వెళ్తున్నారు, తక్కువ డోసు మాత్ర వేసుకుంటున్నారు. ఫ్లైఓవర్ మీద ఇంకా బండి నడపరు. ఆయన ఫోన్ ఎత్తకపోతే ఇప్పటికీ పక్క షాపు వాళ్ళకు ఫోన్ చేసి కనుక్కుంటాను. ఈ భయం పోతుందని నేను ఎవరికీ చెప్పలేను.

ఒక్కటి మాత్రం చెప్పగలను. మీ ఇంట్లో మగమనిషి మాట తగ్గి, తిండి తగ్గి, నిద్ర లేక తిరుగుతుంటే, “బతకాలని అనిపిస్తలేదా?” అని సూటిగా అడగండి. అవునంటే వాదించకండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ అడుగుతాను. అడిగిన ప్రతిసారీ జవాబు ఏమొస్తుందోనని భయమే. అయినా అడుగుతాను.