పెద్దత్త పంపిన మైకా బల్ల

మొన్న కొళాయికి వాషర్ కొనడానికి వేలూరు బజారులో ఒక హార్డ్‌వేర్ అంగడికి పోయినాను. గల్లా పక్కన అట్టపెట్టెలో మైనపు కడ్డీలు వరసగా పేర్చి ఉన్నాయి. తేనె రంగు ఒకటి, చింతపిక్క రంగు ఒకటి, కాఫీపొడి రంగు ఇంకొకటి. బల్లల మీద, బీరువాల మీద పడిన గీతలు పూడ్చే కడ్డీలవి. ఒకటి తీసి వాసన చూసినాను. అంగడాయన నన్ను వింతగా చూసి, ఏం బాగుచెయ్యాలమ్మా అని తమిళంలో అడిగినాడు. ఏమీ లేదన్నాను. ఏమీ లేదని చెప్పి రెండు కడ్డీలు కొనుక్కొని ఇంటికొచ్చినాను. వాషర్ కోసం సాయంత్రం మళ్ళీ పోవాల్సి వచ్చింది.

ఆ మైనం వాసన తగిలితే చాలు, మా అత్త, ఆమె అక్క, ఇద్దరూ కళ్ళ ముందుకొస్తారు. ఇద్దరూ ఇప్పుడు లేరు గానీ, తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, నవ్వే వస్తుంది.

మా అత్తది గుడియాత్తం. మగ్గాల వీధిలో పుట్టి, పక్క వీధిలోని మగ్గాల ఇంటికే కోడలిగా వచ్చింది. మా మామ పోయినాక, మేము వేలూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు మాతో వచ్చేసింది. వచ్చిన కొత్తలో ఆమెకు మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు. ఈడ సద్దే లేదు గదమ్మా, ఎట్ల పడుకునేదని నాతో మొత్తుకునేది. మగ్గం చప్పుడు వింటూ నిద్రపోయి నిద్రలేచిన మనిషి. నేను పరదరామి పక్క సేద్యగాళ్ళ ఇంటి పిల్లను, నాకు సద్దు లేకపోతేనే నిద్ర. మిక్సీ వేసి పెట్టేదా అమ్మా అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఒకరోజు నిజంగానే వేసినాడు. ఆమె నిజంగానే నిద్రపోయింది.

ఆమెకు ఒక్కతే అక్క. ఆర్కాడులో ఇచ్చినారు. నాకు వరసకు పెద్దత్త. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మగ్గం మీద పని నేర్చుకున్నవాళ్ళు, ఒకే దుప్పట్లో పడుకున్నవాళ్ళు. అట్లాంటివాళ్ళ మధ్య మాటలు పోయినాయంటే ఆస్తి తగవో, పిల్లల పెండ్లి గొడవో అనుకుంటారు ఎవరైనా. అదేం కాదు. ఒక పెండ్లిలో, పంక్తిలో కూర్చుని భోంచేస్తూ పెద్దత్త నవ్వుతూ, మా పాప నేసే లుంగీకి అంచు ఎప్పుడూ రవ్వంత వంకరే అనేసింది. పాప అంటే మా అత్తే. తల నెరిసినా అక్కకు ఆమె పాపే. పంక్తిలో ఉండేవాళ్ళంతా నవ్వినారు. మా అత్త పాయసం దాకా ఆగకుండా లేచి చెయ్యి కడుక్కుంది. ఆ పెండ్లిలో పాయసం చాలా బాగుండిందని ఊరంతా చెప్పుకున్నారంట. అది ఇంకో కోపం. అంతే, ఏండ్ల తరబడి ఒకరింటి గడప ఒకరు తొక్కలేదు.

మా గృహప్రవేశానికి పెద్దత్తకు పత్రిక పోయింది గానీ మా అత్త పోయి పిలవలేదు. ఆమె రాలేదు. ఆ వారంలోనే ఆర్కాడు నుంచి ఒక టెంపో వచ్చి మా వాకిట్లో నిలిచింది. అందులో డైనింగ్ టేబులు. పైన అద్దంలాగా నున్నటి మైకా, టేకు రంగు, దాంట్లో సన్నసన్నగా ముదురు చారలు. పెద్దమ్మ పంపించినారని డ్రైవరు చెప్పినాడు. నాకైతే ఎక్కడలేని సంబరం. మా అత్త కొంగు నడుముకు దోపుకొని దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఆ మూల పడెయ్యమనింది.

తినేది మాత్రం ఎప్పుడూ కిందనే కూర్చుని. ఆ బల్ల మీద మా అత్త బియ్యం డబ్బా ఈడ్చేది. కత్తిపీట విసిరినట్టు పెట్టేది. ఇనుప కల్వం పెట్టి మిరియాలు దంచేది. ఒకసారి ఆ కల్వం జారిపడి రూపాయి బిళ్ళంత గుంత పడింది. నేను అయ్యో అంటే, బల్లే గదా అనింది. మాట్లాడని మనిషి పంపిన వస్తువుతో ఆమె రోజూ పోట్లాడుతా ఉందని నాకు అర్థమయ్యేది. అయినా కోడలిని, ఏం చెప్పను.

అట్లా ఉండగా ఒకరోజు పెద్దత్త కొడుకు ఫోన్ చేసినాడు. అమ్మకు కంట్లో పొర వచ్చింది, ఆపరేషన్ వేలూరులోనే, ఆస్పత్రి పక్కన లాడ్జిలో దిగుతామని చెప్పినాడు. మా ఆయన సరే సరే అంటుండగా మా అత్త వంటింట్లోంచి వచ్చి ఎదురుగా నిలబడింది. లాడ్జి ఎందుకంట, చెల్లెలి ఇల్లు లేదా, నేరుగా ఈడికే రమ్మని చెప్పు అనింది. మా ఆయన ఆ మాటే ఫోనులో చెప్పేసినాడు. ఆమె తిరిగిపోయి బల్ల ముందర నిలబడింది. ఆ రోజే కొత్తగా చూసినట్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి, నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది.

"ఏమ్మా, దీన్ని చూస్తే అక్క మనసు ఏమైపోతాది?"

అంత దిగులుగా ఆమె మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. బాగుచేద్దాం అత్తా అన్నాను, ఎట్లాగో తెలియకుండానే.

మొదట కొబ్బరినూనె రాసింది. సాయంత్రం దాకా బల్ల నిగనిగలాడింది, పొద్దునకు గీతలన్నీ మళ్ళీ లేచి కూర్చున్నాయి. తర్వాత నేను చూడకుండా ఉప్పుకాగితంతో ఒక మూల రుద్దింది. చెక్క అయితే నునుపు తేలుతుంది గానీ ఇది మైకా, పైనుండే రంగే దాని అందం. రుద్దినంత మేరా తెల్లగా బొల్లి మచ్చలాగా తేలింది. ఆమె ఆ కాగితం చేతిలో పట్టుకొని, తప్పు చేసిన బడిపిల్ల మాదిరి నిలబడింది. నాకు నవ్వాగలేదు. ఆమె కోపంగా చూసి, తర్వాత తానూ నవ్వేసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇద్దరం కలిసి కడుపు పట్టుకొని నవ్వింది అదే మొదలు.

ఇద్దరం ఆటో ఎక్కి బజారుకు పోయినాము. మైనపు కడ్డీలు, గుంత పూడ్చే పేస్టు, రంగు పెన్ను కొన్నాము. రుద్దొద్దని, గీత లోపలి మురికి పోయేలా సబ్బునీళ్ళతో తుడిచి బాగా ఆరనియ్యమని అంగట్లో చెప్పినారు. ఇంటికొచ్చి అట్లే చేసినాము. కడ్డీని గీతకు అడ్డంగా నొక్కి నొక్కి రాస్తే మైనం లోపలికి దిగుతుంది. పైన మిగిలింది పాత ఏటీఎం కార్డు అంచుతో గీకెయ్యాలి, మెత్తటి గుడ్డతో తుడవాలి. నేను ఒక రంగుతో సరిపెట్టుకుందామంటే ఆమె ఒప్పుకోలేదు. నూలు రంగు చూసినట్టు కడ్డీని కిటికీ వెలుతురులో పట్టుకొని, ఇది మబ్బుగా ఉండాది, దీంట్లో రవ్వంత ఎరుపు కలపాలని రెండు మైనాలు వేళ్ళతో పిసికి కలిపింది. మొదటి గీత పూడిస్తే గొంగళిపురుగు పాకినట్టు వచ్చింది. గీకేసి మళ్ళీ మొదలుపెట్టింది. కల్వం పడిన గుంతలో పేస్టు నింపి, గట్టిపడినాక చదును చేసి, పైన పెన్నుతో చార గీసినాము. బొల్లి మచ్చకు రంగు పట్టింది గానీ మెరుపు రాలేదు. దాని మీద మంచినీళ్ళ చెంబు పెట్టేసి, ఈ చెంబును ఎవరూ కదపగూడదని ఇంటిల్లిపాదికీ ఆర్డరు వేసింది.

పని చేస్తా చేస్తా ఆమె ఎన్ని చెప్పిందో. అక్క తనకు జడలు వేసేదని, అమ్మ కొట్టబోతే అడ్డం వచ్చేదని, మగ్గంలో తెగిన పోగు అతకడం చెయ్యి పట్టుకొని నేర్పించిందని. అన్నేండ్లుగా నోట రాని అక్క పేరు ఆ మైనంతో పాటు కరిగి బయటికొచ్చింది. నేను గుడ్డతో తుడుస్తా వింటా ఉండినాను.

పెద్దత్త వచ్చిన రోజు మా అత్త పొద్దున్నే తలంటుకుంది. కారు ఆగింది. కొడుకు చెయ్యి పట్టుకొని పెద్దత్త దిగింది, గడప ఎక్కడుందో కాలితో తడుముకుంటా. అప్పుడు తట్టింది మా ఇద్దరికీ, ఆమెకు కండ్లే సరిగా కనపడవని. అంత రంగు కలిపి, చార గీసి, చెంబు పెట్టింది ఎవరి కోసం? మా అత్త నన్ను చూసింది, నేను ఆమెను చూసినాను. ఊపిరి పీల్చుకున్నాము.

బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టినాము. ఇది నేను పంపిన బల్లేనా అని పెద్దత్త అరచెయ్యి దాని మీద పెట్టింది. జీవితమంతా గుడ్డ మీద చెయ్యి పెట్టి ముడి యాడుందో, పోగు యాడ తెగిందో కనిపెట్టిన చెయ్యి అది. మెల్లగా నిమురుకుంటా పోయి కల్వం గుంత పూడ్చిన చోట ఆగింది.

"పాపా, ఈడ ఏందో పూడ్చినట్టుండాదే."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏదో ఒకటి చెప్పి తప్పిస్తుందనుకున్నాను. ఆమె అక్క పక్కన కుర్చీ లాక్కొని కూర్చుంది. "నీ మింద కోపమంతా దీని మింద చూపించినా అక్కా. ఒళ్ళంతా గీతలే. నువ్వు వస్తావని కోడలూ నేనూ కూర్చొని బాగుచేసినాము," అనింది.

పెద్దత్త చెయ్యి ఇంకా అక్కడే ఉంది. కాసేపటికి ఆమె భుజాలు కదిలినాయి. ఏడుస్తా ఉందేమోనని దగ్గరికి పోతే, నవ్వుతా ఉంది.

"నేను ఇన్నాళ్ళూ ఏమనుకుంటినో తెలుసునా? దుప్పటి కప్పి మూల పెట్టేసింటావు, దాని మింద చెయ్యి గూడా వేసిండవు అనుకుంటి. వాడినావు గదా, అది చాలు," అనింది. తర్వాత చెల్లెలి చెయ్యి వెతుక్కొని పట్టుకొని, ఆ పొద్దు పంక్తిలో నోరు జారిందని, వెనకాలే వచ్చి చెప్పే లోపల నువ్వు బస్సెక్కేసినావని చెప్పింది. మా అత్త ఆ చెయ్యి వదల్లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగు రోజులుండి పోతానన్న పెద్దత్త నెల దాటినా ఉండింది. టీవీ చూడొద్దు, వంగొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దని డాక్టర్లు చెప్పి పంపినారు. ఇంక మిగిలింది మాట్లాడేదే. ఇద్దరూ ఆ బల్లకు చెరో పక్క కూర్చొని, తాము మాట్లాడుకోని ఏండ్లన్నీ ఒకరికొకరు చెప్పుకున్నారు. ఏ మనవడు ఎప్పుడు పుట్టినాడు, ఏ ఎండాకాలం బావి ఎండింది, ఎవరి పెండ్లిలో ఏ చీర కట్టింది, ఏ జ్వరంలో ఎవరు గుర్తొచ్చినారు. ఒకరు మరిచిపోతే ఇంకొకరు అడిగి చెప్పించుకునేవాళ్ళు. నేను కాఫీ ఇచ్చి వింటా నిలబడేదాన్ని. వాళ్ళు పోగొట్టుకున్న కాలం ఎంతో నాకు తెలుసు, దాన్ని ఎవరూ తెచ్చి ఇవ్వలేరనీ తెలుసు. అయినా ఆ నెలలో, ఆ ఇద్దరి మాటల్లో, అది రోజుకు కొంచెంగా ఇంటికి వస్తా ఉన్నట్టే ఉండేది.