వేడిగదిలో నీళ్ల చెంబు

పొద్దున రెండు బ్యాచులు, సాయంత్రం రెండు. నాలుగుసార్లు అదే గదిలో, నలభై డిగ్రీల వేడిలో, అవే ఇరవై ఆరు ఆసనాలు చెప్పి మెట్లు దిగేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. "మీకేంది మేడం, రోజూ యోగా, ఎప్పుడు చూసినా ఫ్రెష్‌గుంటరు" అంటారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు. నవ్వి ఊరుకుంటాను. నిజం చెప్తే గది ఖాళీ అవుతుంది.

సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద, ఒక బట్టల దుకాణం పైన కిరాయికి తీసుకున్న గది అది. కిటికీలు మూసి, రెండు పక్కలా హీటర్లు పెడతాం. ఈ పద్ధతి ఎక్కడిదని కొత్తవాళ్లు అడిగితే, హైదరాబాద్‌లో మా గురువు చెప్పిందే చెప్తాను. కలకత్తా వైపు నుంచి ఆసనాలు నేర్పడానికి చలి దేశాలకు వెళ్లినవాళ్లు, అక్కడ ఒళ్లు బిగుసుకుపోతుంటే గదిలో హీటర్లు పెట్టారట. వెచ్చబడ్డ ఒళ్లు తేలిగ్గా వంగిందట. మన ఎండనే వాళ్లక్కడ గదిలో తయారుచేసుకున్నారు. అదే మళ్లీ మన దగ్గరికి కొత్త సరుకులా వచ్చింది. మే నెలలో నేను హీటర్లు వేయను, బయటి ఎండే చాలు. అప్పుడు మాత్రం ఈ చదువంతా ఎందుకు చదివానా అని నాకే నవ్వొస్తుంది.

మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. ఆమె ఆ ఎండలోనే బతికింది. రాయపోల్ దగ్గర ముప్పై ఏళ్లు నాట్లు వేసింది, పత్తి ఏరింది. నాయిన పోయాక నా దగ్గరికి వచ్చేసింది. మోకాళ్లు అరిగాయి, కదలకపోతే పూర్తిగా బిగుసుకుంటాయి, మెల్లగా ఆసనాలు వేయించు, వెచ్చదనం కూడా మంచిదే అని దవాఖానలో చెప్పారు. ఊరందరి నడుములూ వంచుతూ, కన్నతల్లి మోకాళ్లు పట్టించుకోకపోతే ఎట్లా? ఏడాది బతిమాలాను. "చెమట పట్టనీకె తలుపులు మూసుకుంటరా? పొలంల పట్టిన చెమట సాలలేదా నాకు?" అని ఆటపట్టించేది. చివరికి నా పోరు పడలేక సరేనంది.

మొదటి రెండు రోజులు వెనక వరుసలో కుర్చీ పట్టుకుని, చెప్పినంత చేసింది. రెండో రోజు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోలేదు. అది చూసి నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

మా దగ్గర ఒక నియమం ఉంది. మొదటి అరగంట ఎవరూ నీళ్లు తాగకూడదు. ధ్యాస చెదురుతుందని, కడుపు బరువెక్కుతుందని నాకు నేర్పారు, నేనూ అదే నేర్పుతున్నాను. మూడో రోజు అందరూ ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. చెమటలు ధారగా కారుతున్నాయి. అవ్వ కుర్చీ వదిలి మెల్లగా బయటికి వెళ్లింది. అలసిపోయిందనుకున్నాను. ఐదు నిమిషాలకు చెంబూ గిలాసా పట్టుకుని వచ్చి ముందు వరుస నుంచి మొదలుపెట్టింది.

"తాగు బిడ్డా, జర తాగు. ఏమైతది, మల్ల నిలవడుదువు తియ్యి."

నాట్లు వేసేవాళ్ల వరుసలో తిప్పినట్టే నీళ్లు తిప్పుతోంది. ఒకామె తాగింది. ఇంకో ఇద్దరు కాలు దించి చెయ్యి చాపారు. ఎవరో నవ్వారు, దాంతో గదంతా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ముందురోజు సరిగ్గా నిద్రలేదు, గొంతు ఎండిపోయి ఉంది. "అవ్వా! నీకు తెల్వకుంటె మూలకు కూసో. నా పని ఖరాబ్ చెయ్యకు" అని అందరి ముందూ అరిచాను.

గిలాసలో మిగిలిన నీళ్లు అవ్వ తిరిగి చెంబులో పోసింది. "చెమట వట్టినోళ్లకు నీళ్లియ్యద్దని నాకెవ్వలు చెప్పలే బిడ్డా" అంది. కోపంగా అంటే బాగుండేది. తప్పు చేసినదానిలా అంది.

మళ్లీ గదికి రాలేదు. నేనూ తప్పైందని చెప్పలేదు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ, ఒళ్లు హూనమై పడుకునేదాన్ని. కానీ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే నీళ్ల చెంబు మాత్రం తప్పలేదు. మొదట్లో వంటింట్లోంచి నడిచి తెచ్చేది. తర్వాత గోడ పట్టుకుని తెచ్చేది. ఆ తర్వాత మంచం పక్కనే పెట్టుకుని, కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇల్లు వదిలేసి రచ్చ గెలిచాను.

పోయిన వారం గది తలుపు పక్కన మట్టి రంజన్ పెట్టించాను. ఎవరికి దాహమైతే వాళ్లు ఎప్పుడైనా తాగొచ్చని చెప్పాను. ఎవరి ధ్యాసా చెదరలేదు. ఆ సాయంత్రం మంచం అంచున కూర్చుని అవ్వకు చెప్పాను.

"ఆ రోజు తప్పు నాదే అవ్వా. రేపటి సంది నువ్వే వచ్చి అందరికి నీళ్లియ్యి."

అవ్వ చెంబు నా చేతికిచ్చింది. నేను తాగడం అయ్యేదాకా చూసింది.

"మంచి పని జేసినవ్ బిడ్డా" అంది. "గని గా మెట్లు ఎక్కుడు ఇప్పుడు నాతోని అయితలేదు."