మొవ్వు ఈగ

బట్లహళ్ళిలో చింతామణి బస్సెక్కితే పక్క సీటావిడ ఒళ్లో చిన్న గాజు సీసాలున్నాయి. గడ్డిలో బతికే ఈగలు ఏవి ఏ జాతివో పోల్చడం తన పని అంది. నా సంచిలో నడిమి ఆకులు ఎండిన లేత జొన్న మొక్కల కట్ట, తమ్ముడు కలుపుమందు కొట్టి నా చేను చంపాడని తాలూకా ఆఫీసుకు రాసిన అర్జీ ఉన్నాయి.

ఆ సంగతి చెప్తే ఆవిడ ఒక మొక్క అడిగి తీసుకుని నడిమి ఆకు లాగింది. సులువుగా ఊడివచ్చింది. ఆకు మొదట్లో కుళ్లు కంపు. గోటితో కాడ చీలిస్తే నూకంత తెల్లటి పురుగు కదిలింది.

"మందు కాదప్పా, మొవ్వు ఈగ పిల్ల ఇది. ఇత్తనం ఎప్పుడేస్తిరి?"

"అందరికన్నా ఇరవై దినాలు ఆలస్యంగా. ఇత్తే గొర్రు తమ్ముని దగ్గర ఉండాది. వాని కూతురి పెళ్ళికి నన్ను అందరికన్నా కడాన పిలిచినాడు. వాన్ని పోయి అడగల్నా?"

"ఈగకు మీ పెళ్ళిపిలుపు తెలీదప్పా. ఆలస్యంగా మొలిచిన లేతపైరు మీదనే గుడ్లు పెడతాది."

ముందు సీటాయన నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

చింతామణిలో దిగి బస్టాండులో చాలాసేపు నిలబడ్డాను. తర్వాత తాలూకా ఆఫీసుకు వెళ్లి అర్జీ, మొక్కల కట్ట ఇచ్చాను. ఆవిడ చీల్చిన మొక్కను మాత్రం కట్టలో పెట్టలేదు.