విన్నది తిరిగి చెప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మా నాన్నా మాట్లాడుకోవాలంటే మధ్యలో నేనుండాలి. "మీ నాన్నకి చెప్పు, అన్నం చల్లారిపోతోందని." "మీ అమ్మకి చెప్పు, నాకు ఆకలిగా లేదని." ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. ఒకరి మాట ఒకరికి వినపడేది. అయినా నేను పలికితే తప్ప అది చేరినట్టు కాదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. హోంవర్కు మధ్యలో లేచి, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్ళకి మాటలు అప్పజెప్పడం ఎంత చిరాకో ఇప్పటికీ గుర్తుంది.

గొడవంతా ఉయ్యూరు గురించి. నాన్న అక్కడ పంచదార ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, రోజూ బెజవాడ నుంచి బస్సులో వెళ్ళొచ్చేవాడు. ఫ్యాక్టరీ వాళ్ళు క్వార్టర్ ఇస్తామంటే తీసుకుంటానని సంతకం పెట్టేసి, ఇంటికొచ్చి భోజనం దగ్గర ఆ సంగతి చెప్పాడు. అమ్మ పటమటలో ఒక బళ్ళో లెక్కల టీచరు. అప్పట్నుంచి నాన్నతో నేరుగా మాట్లాడటం మానేసింది. వేసవి సెలవుల్లోగా ఏదో ఒకటి తేలకపోతే నన్ను తీసుకుని పామర్రులో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోతానని పెద్దమ్మతో ఫోన్లో అంటుంటే విన్నాను. నాకు కావలసింది ఒక్కటే, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండటం. అది చెప్పడానికి దారి లేదు. అందరి మాటా నేను మోసేవాణ్ణి, నా మాట మోసేవాళ్ళు లేరు.

మా వీధి చివర మిలిటరీ తాతయ్య ఉండేవారు. మాకు చుట్టం కాదు, వీధిలో పిల్లలందరికీ ఆయన అదే పేరు. సైన్యంలో వైర్‌లెస్ సెట్ దగ్గర పనిచేశారు. రిటైరయ్యాక, తన కొడుకు ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని మనస్తత్వశాస్త్రం చదివారు. ఆ తర్వాత ముందు గదిలో కుటుంబాలకు కౌన్సెలింగ్ చేసేవారు. గేటు మీద మాత్రం పేరూ హోదా తప్ప ఇంకేమీ రాయించలేదు. రాయిస్తే ఎవరూ రారని ఆయనకు తెలుసు. వచ్చేవాళ్ళంతా, పిల్లాణ్ణి మిలిటరీలో చేర్పించే విషయం కనుక్కోడానికొచ్చామని వీధిలో చెప్పేవారు. పెద్దమ్మ పోరు పడలేక ఆయన దగ్గరికి వెళ్ళిన మావాళ్ళూ అదే చెప్పారు. పక్కింటి అక్క నన్ను ఆపి, "ఏరా, తుపాకీ ఎప్పుడిస్తారంట? నీకంటే అదే పొడుగుంటదేమో, చూసుకో!" అని ఏడిపించింది.

మే నెల, మధ్యాహ్నం, కరెంటు లేదు. తాతయ్య అమ్మానాన్నల్ని ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టారు. "సెట్లో ఒకడు మాట పంపుతాడు. రెండోవాడు వెంటనే జవాబివ్వకూడదు. ముందు విన్నది తిరిగి చెప్పాలి. అవతలివాడు కరెక్ట్ అన్నాకే తన మాట. నాకొచ్చిన విద్య ఇంతేనయ్యా," అన్నారు.

అమ్మ మొదలుపెట్టింది. "నన్నడక్కుండా సంతకం పెట్టొచ్చారు."

"ఉయ్యూరు రావడం దీనికిష్టం లేదండీ," అన్నాడు నాన్న.

"నాతో కాదు, ఆ అమ్మాయితో చెప్పు."

"నీకు ఉయ్యూరు ఇష్టం లేదు."

"కాదు," అంది అమ్మ.

"నీ ఉద్యోగం పోతుందని."

"కాదు."

"ఇంకేంటి మరి? బస్సులో నిలబడి నిలబడి నా నడుం పోతుంటే..."

తాతయ్య చెయ్యెత్తారు. "అది నీ వంతులో. ఇప్పుడు ఆమె మాట."

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు ముక్కల వాక్యం. మా క్లాసులో ఎవడైనా అప్పజెప్తాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోతుంటే లేచి నిలబడ్డాను. "నాన్నా, అమ్మ అంటోంది ఏంటంటే..."

"నువ్వు కూర్చో బాబూ. నువ్వు వైరువి కాదు, పిల్లాడివి. ఇవాళ్టి నుంచి ఆ డ్యూటీకి సెలవు," అన్నారు తాతయ్య.

నాకు సంతోషం కలగలేదు, ఇంకా కోపమొచ్చింది. "తప్పెవరిదో మీరే చెప్పేయొచ్చుగా తాతయ్యా!" అని అరిచాను.

ఆయన నవ్వారు. "చెప్తే రేపట్నుంచి ఇంట్లో నా మాట మోసుకుంటూ తిరుగుతావు."

నాన్న ఇంకా చాలాసేపు తంటాలు పడ్డాడు. చివరికి గొంతు తగ్గించి, "నిన్నడక్కుండా సంతకం పెట్టొచ్చాను," అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. కరెక్ట్ అంది. తర్వాత నాన్న వంతు. అన్నేళ్ళుగా బస్సులో వేలాడి వస్తున్నా, ఎలా ఉందని ఇంట్లో ఎవరూ అడగరన్నాడు. "నేను మిమ్మల్ని పట్టించుకోనంటారు," అంది అమ్మ. "అలా అనలేదు," అన్నాడు నాన్న. లెక్కల టీచరుకీ అంత తేలిగ్గా రాలేదు.

ఆ రోజు ఏదీ తేలలేదు. ఇంకా చాలాసార్లు వెళ్ళారు. చివరికి క్వార్టర్ వదులుకుని, రెండు ఊళ్ళకీ మధ్యలో కంకిపాడులో ఇల్లు తీసుకున్నారు. ఇద్దరికీ బస్సే, ఇద్దరికీ విసుగే. ఇప్పటికీ పోట్లాడుకుంటారు, కానీ నేరుగా.

పోయిన నెలలో తాతయ్య పోయారు. సంతాప సభకు నాన్నతో వెళ్ళాను. హాల్లో చాలా ముఖాలు ఒకప్పుడు ఆయన గేటు దగ్గర చూసినవే. వేదిక మీద మాత్రం అంతా సరిహద్దులూ తుపాకులూ. ఒకాయన మైకు పట్టుకుని, ఎందరో పిల్లల్ని సైన్యానికి పంపిన మహానుభావుడన్నాడు. నాకు తెలిసి ఒక్కణ్ణి కూడా పంపలేదు. మేం చెప్పుకున్న సాకే ఆయన జీవితచరిత్ర అయిపోయింది. నేను లిఫ్టులు బిగించే ఇంజనీరుని, రిపోర్టులో తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను.

"నాన్నా, లేచి చెప్పు. నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?" అన్నాను.

"ఊరుకోరా."

పరువు పోతుందా అందామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "మన ఇంటి సంగతి నలుగురిలో చెప్పడం నీకిష్టం లేదు. అంతేనా?"

"కాదు."

"అమ్మ ఏమనుకుంటుందోనని."

"అదీ కాదురా. లేస్తే మాట రాదు. ఏడుస్తాను."

"లేస్తే ఏడుస్తావు."

"కరెక్ట్," అన్నాడు నాన్న.

మైకు హాలంతా తిరిగి వేదిక మీదికే వెళ్ళిపోయింది. ఎవరూ చెప్పలేదు. నాన్న బదులు నేను లేవలేదు. అది నాన్న మాట. దాన్ని మోసే డ్యూటీకి నాకు తొమ్మిదేళ్ళప్పుడే సెలవిచ్చారు. ఆ సభ మీద కోపం మాత్రం తగ్గలేదు. అది నా మాట, అందుకే ఎవరి చేతా పంపకుండా నేనే చెబుతున్నాను.