ప్రిసిల్లా గుత్తి క్యాప్సికం

ఆదివారం పొద్దున ఏడుంబావుకి, ప్రిసిల్లా స్టవ్ మీద కాలుతున్న ఎర్ర క్యాప్సికంల మీద పక్కింటి తుకారాం బకెట్ నీళ్లు పోశాడు.

"పొగ చూసి పరేషానైన, సిస్టర్! ఇల్లే అంటుకున్నదనుకున్న," అన్నాడు, ఖాళీ బకెట్ వెనక దాచుకుంటూ.

"స్పెయిన్ వాళ్లు ఇలాగే నల్లగా కాల్చి తొక్క ఒలుస్తారండీ."

"వాళ్ల పక్కింట్ల నేను లేను గద!"

ప్రిసిల్లా లాలాగూడలో రైల్వే గుమస్తా. యాభై రెండేళ్లొచ్చినా కాలు ఒకచోట నిలవదు. బస్సెక్కితే చాలు, ఫోన్‌లో దేశదేశాల వంటలు తిప్పుతూనే ఉంటుంది. హంగరీ వాళ్లు క్యాప్సికంలో మాంసమూ బియ్యమూ కూరతారనీ, చైనా వాళ్లు కరకరలాడేలా వేయించి దించేస్తారనీ ఆవిడకి తెలుసు. తెలిసి ఏం లాభం? చర్చి ప్రేమ విందులో గుత్తివంకాయ రోసమ్మది, పప్పు ప్రిసిల్లాది. పంతొమ్మిదేళ్లుగా అంతే. ఈసారి రోసమ్మకి మోకాలి ఆపరేషనైతే, కూర నేను చేస్తానని స్త్రీల సమాజాన్ని బతిమాలి ఒప్పించింది. ఇది చెడిందా, ఇక ఉన్నన్నాళ్లూ పప్పే.

ఎర్రవి పోగా అరవై చిన్న పచ్చ క్యాప్సికంలు మిగిలాయి. తొడిమ కోసి, గింజలు దులిపి, గుత్తివంకాయకి పెట్టినట్టే పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి కూరింది.

విందులో గిన్నె పట్టుకుని వరసల మధ్య అటూ ఇటూ తిరిగింది. అందరూ లోపలి ముద్దని అన్నంలో కలుపుకుంటున్నారు. కాయని మాత్రం, సాంబారులో మిరపకాయని ఏరినట్టు, ప్లేటు అంచుకి నెట్టేస్తున్నారు. పాస్టర్ అయ్యగారు కూడా!

ఇక ఆగలేకపోయింది. అయ్యగారి ప్లేటు అంచున ఉన్న కాయని లటుక్కున తీసి నోట్లో వేసుకుంది.

వరసంతా చేతులు ఆగిపోయాయి. చేసిందేమిటో అప్పుడు తెలిసింది ప్రిసిల్లాకి. ఉమ్మలేదు, మింగలేదు.

"కారం... ఉండదండీ అయ్యగారూ," అంది బుగ్గ ఉబ్బించుకుని.

అయ్యగారు బోసిపోయిన తన ప్లేటు వంక చూశారు. తర్వాత, పక్కనున్న జకర్యా ప్లేటు అంచు నుంచి ఒకటి తీసుకుని కొరికారు. తల ఊపారు. దాంతో ఎవరి ప్లేటుకి వాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకుని కొరకడం మొదలెట్టారు.

ప్రిసిల్లా గిన్నె ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడింది. వరస చివర సంఘ పెద్ద జెరెమియా గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, బుట్ట మిరపకాయన్న పేరేగానీ రవ్వంతైనా కారం లేదే!"

"అది తేల్చడానికి మూడు తినాల్సొచ్చిందా, అన్నయ్యగారూ?"