చక్కర్ వస్తే చీనీ

మా చిన్నతనంలో అండమాన్ తెలుగువాళ్ళకి తలా ఒకటిన్నర భాష వచ్చేది. ఇంట్లో తెలుగు, వీధిలో సగం హిందీ. ఆ సగంతోనే చేపలు బేరమాడేవాళ్ళం, సంబంధాలు కుదుర్చుకునేవాళ్ళం, జబ్బులూ నయం చేసుకునేవాళ్ళం. రాని ఆ మిగతా సగం వల్ల నా మొదటి ఉద్యోగం గంగలో (సముద్రంలో అనాలేమో) కలవబోయిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఇరవయ్యో ఏట నాకు సుగరు వచ్చింది. సరిగ్గా అప్పుడే, పడవెక్కి వెళ్ళాల్సిన డిగ్లీపూర్ బడిలో టీచరు ఉద్యోగమూ వచ్చింది. "అక్కడ ఒక్కదానివే ఉండాలి. సూది నువ్వే వేసుకోవాలి, సుగరు అదుపులోకి రావాలి. అప్పుడే పంపిస్తాను" అని డాక్టరుగారు నన్ను డైరీ ఫార్మ్ పేటలో మందుల షాపు భయ్యాకి అప్పగించారు. భయ్యాకి తెలుగు ముక్క రాదు, ఓర్పు మాత్రం బోలెడు. పచ్చి బొప్పాయికి సూది వేయించి నేర్పాడు (ఆ బొప్పాయి నాకంటే ధైర్యంగా ఉండేది). మూత్రాన్ని గాజు గొట్టంలో నీలం మందు కలిపి కాచడం చూపించాడు. నీలంగానే ఉంటే మంచిది, ఇటుక రంగుకి తిరిగితే సుగరు ఎక్కువున్నట్టు. నేను లోపల బొప్పాయితో కుస్తీ పడుతుంటే, బయట బల్ల మీదున్న అమ్మకి ఆఖరి జాగ్రత్త చెప్పాడట: "మాజీ, చక్కర్ ఆయే తో తురంత్ చీనీ దేనా." చీనీ అంటే పంచదారని అమ్మకి తెలుసు. చక్కర్ అంటే మన చక్కెరేనని తనే అనుకుంది.

మర్నాడు గొట్టం ఎర్రబడగానే అమ్మ చెంచాడు పంచదారతో ప్రత్యక్షం. "తినీయే. చక్కెరొస్తే ఎంటనే పంచదారెట్టమన్నాడు భయ్యా."

"నిజంగా అన్నాడా?"

"నాను ఇన్నాను కదే! ముల్లుని ముల్లుతోనే తియ్యాలి మరి."

అమ్మకి ఎదురు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఆ వారం మాత్రం నా అంత బుద్ధిమంతురాలు మా పేట డెలానీపూర్ మొత్తంలో లేదు. తీపి మొహం చూసి ఎన్నాళ్ళయిందో! గొట్టం ఎర్రబడిన కొద్దీ చెంచా పెద్దదవుతూ చివరికి పరమాన్నం దాకా వచ్చింది. పిల్లకి తీపి పెట్టుకోలేకపోతున్నానని చాటుగా ఏడ్చే అమ్మ ముఖం వెలిగిపోయేది. నా మొహం పీక్కుపోయింది. "ఇలాగైతే ఆ ఉద్యోగం మర్చిపో" అన్నారు డాక్టరుగారు.

అమ్మ కొంగు బిగించి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి భయ్యాని నిలదీసింది. "ఆప్ బోలా, హమ్ దియా! రోజ్ చక్కర్ ఆయా, రోజ్ చీనీ దియా!"

భయ్యా హడలిపోయాడు. "రోజ్? గిర్ గయీ క్యా?" పిల్ల పడిపోయిందా అని.

"గిరా నహీ! లాల్ హువా!" అంటూ అమ్మ ఎర్రబడిన గొట్టం చూపించింది.

భయ్యా గొట్టం వంక చూశాడు, అమ్మ వంక చూశాడు. కౌంటరు దాటి వచ్చి, తల పట్టుకుని, తాగినవాడిలా గిర్రున తిరిగి బల్ల మీద కూలబడ్డాడు. "యే చక్కర్, మాజీ! యే!"

"ఓలమ్మో! కళ్ళు తిరగడమా?"

సూదిమందు ఎక్కువై సుగరు పడిపోతే కళ్ళు తిరుగుతాయి, అప్పుడు పెట్టాలట పంచదార. నేను పగలబడి నవ్వాను. అమ్మ నవ్వలేదు. "నా సేత్తో నానే నా బిడ్డకి ఇసం ఎట్టీసినాను" అని అక్కడే ఏడ్చేసింది. భయ్యా మంచినీళ్ళిచ్చి, సగం పాఠం మీకు వచ్చేసింది మాజీ, మిగతా సగం నేనే సరిగ్గా చెప్పలేదు అని హిందీలో ఊరడించాడు. ఆనాటి నుంచి తెలుగువాళ్ళెవరు వచ్చినా "కల్లు తిరిగితే చీనీ" అని తెలుగులోనే చెప్పేవాడు (కల్లు తాగేవాళ్ళు కాస్త ఉలిక్కిపడేవాళ్ళు).

గొట్టం నీలంగా నిలిచాక డాక్టరుగారు సరేనన్నారు. నేను పడవెక్కిన రోజు అమ్మ జెట్టీ మీద పడవ ఖలాసీని పట్టుకుని, కొంగు దోపుకుని, అచ్చం భయ్యాలాగే గిర్రున తిరిగింది. "బేటీ ఐసా కరేగా తో చీనీ! భూల్‌నా నక్కో!" మర్చిపోవద్దని. ఖలాసీ భూలలేదు. నడిసంద్రంలో పడవ ఊగి జనమంతా తలలు పట్టుకుంటే, నా పంచదార పొట్లం విప్పి అందరికీ పంచేశాడు.

డిగ్లీపూర్‌లోనే రిటైరయ్యాను. అమ్మ పోయి చాలా కాలమైంది. వేలు గుచ్చి చూసుకునే మిషను వచ్చింది, చేతిసంచిలో పంచదార పొట్లం మాత్రం అలాగే ఉంది. ఎప్పుడైనా కళ్ళు తిరిగితే, జెట్టీ మీద గిరగిరా తిరుగుతున్న అమ్మే ముందు కనిపిస్తుంది. పంచదార నోట్లో వేసుకుంటాను. కాసేపటికి లోకం కుదుటపడుతుంది, ఆవిడా ఆగి వెళ్ళిపోతుంది. ఇంత వయసొచ్చినా బుద్ధి రాలేదు నాకు. "ఇంకొక్క చుట్టు తిరగవే అమ్మా" అనాలనిపిస్తుంది.